ఎవరి పేరున ఈ గోధుమలు

అగ్రిది ఊరు, సైప్రస్ దీవి
అక్టోబరు, ద్రాక్ష తొక్కే రోజులు

చెల్లెలు ఫొతీనికి, అగ్రిది ఊరికి రాజూ ప్రజా దొంగా అన్నీ తానే అయిన నీ అన్న తీఖోన్ రాస్తున్నది.

బతికే ఉన్నాను. ముందు ఆ ఏడుపు ఆపు. చక్రవర్తి సైనికులు ఊరందరినీ ఓడలెక్కించడానికి తోలుకుపోయిన రోజు నేనెక్కడున్నానో తెలుసా? మన పెరట్లో మెడదాకా పాతిన పెద్ద ద్రాక్షరసం జాడీ ఉంది చూడు, అందులో. మూత నెత్తిన పెట్టుకుని కూర్చున్నా. ఒక సైనికుడొచ్చి సరిగ్గా దాని మీదే కూర్చుని చెప్పులో రాయి తీసుకున్నాడు. నాకేమో తుమ్మొస్తోంది. నాన్న నేర్పిన ప్రార్థన చెప్పుకుందామంటే సగమే గుర్తొచ్చింది. మిగతా సగం నేర్పేలోపే నేను చదువు మానేశాను కదా.

అయినా చక్రవర్తికి ఉన్నట్టుండి మన మీద ఇంత ప్రేమేమిటే? దీవి పన్నులో సగం అరబ్బుల అమీరుకి పోతోందని ఏకంగా మనుషుల్నే పీకి, ఉల్లి నారులాగా తన సముద్రం పక్కన నాటుకుంటాడట. నిన్న పడవ మాన్వీల్ వచ్చి మిమ్మల్ని కిజికోస్ దగ్గర దింపారని చెప్పాడు. ఆ ఊరు పేరు పలికితేనే తుమ్మినట్టుంది. నీ మట్టుకు నువ్వు బాగానే ఉన్నావన్నాడు. ఇంకేదో చెప్పబోయి చేపల బేరం గుర్తొచ్చిందని వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేనూ రెండు మేకలూ. మొదటి రోజు తలుపులన్నీ గాలికి కొట్టుకుంటుంటే ఊరంతా తిరిగి మూసొచ్చా. ఇంటింటికీ వెళ్ళి, ఇన్నాళ్ళూ నా మొహం మీద తలుపేసినవాళ్ళందరి తలుపులూ నేనే వేశా. మర్నాడు మీ ఇంటికెళ్తే లోపలినుంచి గడియ పెట్టుంది. ఎవర్రా అని పిలిచా. పలకలేదు. గోడెక్కి చూస్తే డాబా మీద అంజూరపు పళ్ళు ఎండబెట్టున్నాయి. కింద ఆకులు పరిచి, తొడిమలన్నీ ఒకవైపుకి, బావ పెడతాడే అచ్చం అలాగ. వెనకబడ్డ సైనికుడెవడో తిష్ట వేసుంటాడు. వాడి సంగతి నేను చూసుకుంటా.

బావని అడిగానని చెప్పు. ఆయన తీగలు కోసే కత్తి నేను తీసుకున్నా. కావాలంటే ఈదుకుంటూ వచ్చి తీసుకోమను.

ఇట్లు,
ఖాళీ ఊరికి కాపలా కుక్క,
తీఖోన్


కిజికోస్
నవంబరు, వాన వెలవని రోజు

అన్నయ్యా,

నువ్వు బతికున్నందుకు దేవుడికి దండం. నీ ఉత్తరంలో జాడీ సంగతి చదివి నవ్వాను కూడా. తర్వాత చివరి వాక్యం చదివాను. మీ బావని ఈదుకుంటూ రమ్మన్నావు. అదే ప్రయత్నం చేసుంటాడు పాపం.

మాన్వీల్ చెప్పలేకపోయింది నేను చెబుతా. రేవులో మగవాళ్ళనొక ఓడలో, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఇంకో ఓడలో ఎక్కించారు. దీవి కొస దాటాక గాలి తిరిగింది. వాళ్ళ ఓడ మా కళ్ళముందే పక్కకి ఒరిగింది. ఎవరో అరిచినట్టు కూడా వినపడలేదు. మా ఓడ తాళ్ళది అంత మోత. కాసేపటికి చూస్తే అక్కడ సముద్రం చదునుగా ఉంది.

ఓడలో ఉండగానే, పోయినవాళ్ళకి పెట్టే గోధుమలు గుప్పెడు నానబెట్టి ఆయన పేరు తల్చుకున్నాను. ఇక్కడికొచ్చి నలభయ్యో రోజుకి పద్ధతిగా ఉడికించి చర్చికి పట్టుకెళ్ళాను. పాదిరిగారు పళ్ళెం మీద చెయ్యి పెట్టి, ఎవరి పేరున ఈ గోధుమలు అని అడిగారు. హెరాక్లి అన్నాను. చచ్చిపోయినవాళ్ళతో కలిపి ఆ పేరు పైకి చదివారు. నా మొగుడి పేరు అక్కడ వింటుంటే వేరే ఎవరిదో అనిపించింది.

ఇక్కడ రెల్లు, బురద, దోమలు. మమ్మల్ని దీవివాళ్ళు అంటారు. మగదిక్కు లేని ఇంటికి పొలం రాయరట. ఏడాదిలోపు పెళ్ళి చేసుకోని విధవల్ని చక్రవర్తి నేతశాలకి తోలతారట. అక్కడికి వెళ్ళిన ఆడది బయటికి రావడం ఎవరూ చూడలేదు. తోళ్ళు పదును చేసే లెయోంతి నన్ను చేసుకుంటానని అడిగించాడు. మంచివాడే. వాసనొక్కటే. ఏడాది గోధుమలు పెట్టేదాకా ఏ మాటా చెప్పనన్నాను.

ఆయన బతికుంటే నేను నేతశాలకైనా వెళ్తాను, ఎదురుచూస్తాను. బతికి లేడు కాబట్టే ఇవన్నీ. అందుకని ఆ గడియ, ఆ పళ్ళు, అలాంటివి నాకు రాయకు. నువ్వు ఊరికే రాస్తావు. నేను ఊరికే చదవలేను.

ఫొతీని


అగ్రిది
ఏప్రిల్, ఓడలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక

ఫొతీనీ,

నీ ఉత్తరం శీతాకాలమంతా ఏదో రేవులో పడుండి ఇవాళ నా చేతికొచ్చింది. రెండుసార్లు చదివా. ఎందుకంటే నువ్వు చచ్చిపోయాడని రాసిన మనిషి నా ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు.

కోప్పడకుండా చివరిదాకా చదువు.

నేను నీకు రాసిన వారానికే మీ ఇంటి గడియ తీసుంది. లోపలికెళ్తే బావ, గానుగ రాయి మీద కూర్చుని. కాలికి ఒకటే చెప్పు. గడ్డం నిండా ఉప్పు. ఓడ నచ్చక దూకి పారిపోయొచ్చాడనుకున్నా. ఓడ మునిగిందని నాకేం తెలుసు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావయ్యా బావా?" అన్నా.

"నీళ్ళు. తర్వాత ఒడ్డు."

"మధ్యలో?"

"మధ్యలో కూడా నీళ్ళే."

ఎప్పుడూ మాటల పొదుపు మనిషే కదా, సరేననుకున్నా. కానీ హెరాక్లీ అని పిలిస్తే నా వైపు చూడడు. ఎవరో వస్తున్నారన్నట్టు వాకిలి వైపు చూస్తాడు. చూసి, ఎవరూ లేరని మళ్ళీ పనిలో పడతాడు. నీ పేరెత్తితే మాత్రం చేతిలో పని ఆగుతుంది. చేతులకి అన్నీ గుర్తున్నాయి. తీగలు కోశాడు, మేక పొదుగు వాపు తగ్గించాడు. తన పేరొక్కటే తనకి తెలీదు.

శనివారం వస్తే ఒళ్ళు చల్లబడుతుంది. ఏదో చలి అనుకున్నా. పెద్ద ఉపవాసాల ముందు, పోయినవాళ్ళందరికీ గోధుమలు పెట్టే ఆత్మల శనివారం పొద్దున అసలు లేవలేదు. ఒళ్ళు పట్టుకుంటే బావి గట్టులా ఉంది. దవడ మాత్రం ఆడుతోంది.

"ఏం తింటున్నావు?" అనడిగా. ఇంట్లో తినడానికేమీ లేదు మరి.

"గోధుమలు. ఎవరో పెడుతున్నారు."

"బావున్నాయా?" అన్నా, నవ్విద్దామని.

"దానిమ్మగింజలు వెయ్యలేదు. ఏదో పుల్లగా ఉంది," అని నా అరచేతిలో ఒక గింజ ఉమ్మాడు. పొడుగ్గా, రాయంత గట్టిగా ఉంది. మన దీవిలో అలాంటి గింజ నేనెప్పుడూ చూడలేదు. గుడ్డలో కట్టి పంపుతున్నా. అదేం చెట్టుదో నువ్వే చెప్పాలి.

ఇవాళ నీ ఉత్తరం చదివాక గానీ నాకు వెలగలేదు. శనివారాలు మీ చర్చిలో చచ్చినవాళ్ళ పేర్లు చదువుతారు కదా. చెల్లీ, ఆ పళ్ళెం ఆపు. అక్కడ ఆయన పేరు ఎన్నిసార్లు చచ్చినవాళ్ళలో పడుతుందో, ఇక్కడ ఆయన అంత తరిగిపోతున్నాడు.

నేనింత పొడుగు ఉత్తరంలో ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. అది చూసైనా నమ్ము.

తీఖోన్


కిజికోస్
జూన్, గడ్డి కోతలు

తీఖోన్,

అన్నయ్యా అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

గుడ్డ విప్పి గింజ చూడగానే గుర్తుపట్టాను. అది క్రానియా పండు గింజ. చిన్నగా, ఎర్రగా, పుల్లగా ఉంటుంది. ఈ ఊళ్ళో దానిమ్మ దొరక్క గోధుమల్లో నేను అదే వేశాను. ఆ సంగతి నీకు రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒక రోజంతా గింజ గుప్పెట్లో పట్టుకుని తిరిగాను. ఒక రోజంతా నాకు మొగుడున్నాడు.

తర్వాత మాన్వీల్ రేవుకొచ్చాడు. పట్టుకుని అడిగాను. నవంబరులో ఇక్కణ్ణుంచి బయల్దేరినప్పుడు అవే పళ్ళు బుట్టెడు కొని దారిపొడుగునా తిన్నాడట. "గింజలు మా అన్నకిచ్చావా?" అంటే బుర్ర గోక్కున్నాడు. "నేనిచ్చానో, ఆయనే పడవలోంచి ఏరుకున్నాడో. ఆయన చేతివాటం నీకు తెలీనిదా?" అన్నాడు.

నీ చేతివాటం నాకు తెలుసు. చచ్చిపోయిన పెదనాన్న గొంతుతో జాడీలోంచి మాట్లాడి పెద్దమ్మకి మూర్ఛ తెప్పించావు. ఆవిడ లేచాక ఊరంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆవిడ పక్కనే కూర్చుని ఏడవాలనుంది.

ఒక్కటి అడుగుతాను. రేవులో మమ్మల్ని విడదీసేటప్పుడు ఆయన నాకోసం ఒక పని చేశాడు. నేనూ ఆయనా తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఏం చేశాడో అడిగి రాయి. రాయలేకపోతే ఇక నాకు రాయొద్దు. సెప్టెంబరులో ఏడాది గోధుమలు పెడతాను. దాంతో ఆయనకి నేను చేయాల్సింది అయిపోతుంది. పళ్ళెం కడిగాక లెయోంతికి సరేనంటాను. లెయోంతి ఈ మధ్య వచ్చేముందు స్నానం చేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నాడో ఊరందరికీ తెలుసు.

ఫొతీని


అగ్రిది
ఆగస్టు

చెల్లీ,

తిట్టు, పడతా. నేను చేసుకున్నదే. ముందు జవాబు రాస్తా.

అడిగాను. తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఆవిడ చెప్పు తెగింది. రాళ్ళు కాలుతున్నాయి. నాది తీసి తొడిగాను. రెండోది తీసేలోపు కర్రతో పొడిచి అవతలకి తోశారు," అన్నాడు. "ఎవరావిడ?" అని నేనూ పట్టుబట్టి అడిగా.  ఒంటి చెప్పు ఎందుకుందో తెలుసు. రెండోది ఎవరి కాలికుందో తెలీదు.

ఇది అబద్ధమైతే చెప్పు, ఇక రాయను. నిజమైతే ఇప్పుడు నేను చెప్పేది విను.

మొన్న చక్రవర్తి తరఫున పన్ను మనిషి వచ్చాడు. వాడెళ్ళాక రెండోరోజు అమీరు మనిషి. వాడికి సగం, వీడికి సగం కదా. ఊరికి నేనొక్కణ్ణే, నన్ను నిలువునా కోసుకుని చెరిసగం తీసుకుపొండి అన్నా. నవ్వలేదు, వాళ్ళకి నవ్వే ఉద్యోగం కాదు. కానీ ఇద్దరూ ఎవరి రోజున వాళ్ళు వంటింటిదాకా వచ్చి చూశారు. బావ పొయ్యి ముందే ఉన్నాడు. "నువ్వు తప్ప ఎవరూ లేరా?" అని ఇద్దరూ అడిగారు. రెండోవాడు తన తోలుసంచి బావ ఒళ్ళో పెట్టినట్టే పెట్టాడు. సంచి కిందికి దిగి రాతి బల్ల మీద ఆనింది. బావ దాని వంక చూసి, జరిగి చోటిచ్చాడు.

నీ దగ్గరికి తెచ్చేద్దామని రేవుకి తీసుకెళ్ళా. పొడి ఇసుక దాకా నాతో మాట్లాడుతూ వచ్చాడు. తడి ఇసుక దగ్గర ఆగాడు. "పద బావా," అన్నా. "అటు నేను ఇంతకుముందు వెళ్ళాను," అన్నాడు. చెయ్యి పట్టి లాగితే చెయ్యి వచ్చింది గానీ బరువు రాలేదు. ఎండిన ఆకుని లాగినట్టుంది. నేనే వదిలేశా.

ఏడాది గోధుమలు పెడితే చనిపోయినవాడి ప్రయాణం ముగిసిందని మన నమ్మకం. ఇంక ఎప్పటికీ వెనక్కి లేదని. అది పెట్టకు. పొలం పోతుందని తెలుసు, నేతశాల సంగతీ తెలుసు, తెలిసే అడుగుతున్నా. పుట్టాక నిన్ను నేను బతిమాలడం ఇదే మొదలు. అలవాటు లేక మాటలు సరిగ్గా రావట్లేదు.

తీఖోన్


కిజికోస్
సెప్టెంబరు

అన్నయ్యా,

చెప్పు సంగతి నిజం. ఆ చెప్పు ఇక్కడ తలాపున పెట్టుకుని పడుకుంటున్నాను. నిన్ను నమ్మకపోయినందుకు ఎన్నిసార్లు క్షమించమన్నా చాలదు. కానీ అంతకంటే పెద్దది చేశాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను.

నీ ఉత్తరం ఏడాది రోజునే వచ్చింది. పళ్ళెం నెత్తిన పెట్టుకుని చర్చి గుమ్మంలోకి వచ్చేశాక మాన్వీల్ పరిగెత్తుకుంటూ వచ్చి చేతిలో పెట్టాడు. ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని ఇంకో చేత్తో చదివాను. చెప్పు దగ్గరికి వచ్చేసరికి వెనకనున్నవాళ్ళు "జరుగమ్మా, జరుగు," అంటూ లోపలికి నెట్టారు.

గుమ్మం దాటిన గోధుమలు పేరు చెప్పకుండా వెనక్కి తేకూడదు. తెస్తే అవి ఆ ఇంట్లోనే ఇంకొకరిని అడుగుతాయంటారు. పాదిరిగారు పళ్ళెం మీద చెయ్యి పెట్టారు.

"ఎవరి పేరున ఈ గోధుమలు?"

నేను ఉత్తరం గుప్పెట్లో నలిపి పట్టుకున్నాను.

"హెరాక్లి పేరున కదమ్మా? ఏడాది కదా ఇవాళ," అన్నారు.

"కాదు," అన్నాను. పక్కన లెయోంతి గొంతు సవరించుకోవడం వినపడింది.

"మరి ఎవరి పేరున? చెప్పమ్మా, వెనక జనం ఉన్నారు."

నా చేతిలో నీ ఉత్తరం ఉంది. నా బుర్రలో ఉన్నది నువ్వొక్కడివే. నోరు తెరిస్తే తీఖోన్ అని వచ్చింది. పాదిరిగారు ఎవరూ ఏమిటీ అనలేదు. ఇక్కడున్న మన ఊరివాళ్ళందరూ నిన్ను సైనికులు ఎప్పుడో చంపేశారనే అనుకుంటున్నారు. పైకి చదివేశారు. అందరూ తలా గుప్పెడు తిన్నారు. బావున్నాయన్నారు.

బయటికొచ్చి వాంతి చేసుకున్నాను. లెయోంతి నీళ్ళిచ్చాడు. "నా మొగుడు బతికే ఉన్నాడు, నేను నీకు పనికిరాను," అని చెప్పేశాను. "ఎక్కడున్నాడు?" అన్నాడు. నీళ్ళ చెంబు తిరిగిచ్చేశాను. ఆయనొచ్చి పేరు రాయించుకుంటే పొలం ఇస్తామనీ, లేకపోతే వసంతంలో నేతశాలకేననీ అధికారి అన్నాడు. అది పోనీ.

నువ్వు బతికే ఉన్నానని ఒక్క ముక్క రాయి. పాదిరిగారి కాళ్ళు పట్టుకునైనా నీ పేరు తీయిస్తాను. ఒక్క ముక్క రాయి చాలు.

నీ చెల్లెలు


అగ్రిది
నవంబరు, ఈ ఏటికి ఆఖరి పడవ

నన్ను చంపిన నా చెల్లెలు ఫొతీనికి,

బతికే ఉన్నానని ఒక ముక్క రాయమన్నావు. ఇది రాస్తున్నదెవరనుకున్నావే?

ఏడాది రోజున నేను ద్రాక్ష తొక్కుతున్నా. ఉన్నట్టుండి నోరంతా గోధుమలు. బాదం పప్పు, తేనె, దానిమ్మ. ఆహా, అన్నకి దానిమ్మ దొరికింది, కట్టుకున్నవాడికేమో పుల్లటి పండు. ఈ మాట పట్టుకుని నీ మీద బావకి చాడీలు చెప్దామని "హెరాక్లీ," అని కేకేశా.

"వినపడుతోందిలేవయ్యా, ఊరంతా లేపుతావేంటి," అన్నాడు.

పలికాడే. నా వైపు తిరిగి పలికాడు. ఆ పూటే ఆకలన్నాడు, ఉన్న రొట్టంతా తిన్నాడు, నా వాటా కూడా. ఒళ్ళు పట్టుకుంటే వెచ్చగా ఉంది. ఆ తర్వాత కూర్చుని నీకోసం ఏడ్చాడు. మగాడి ఏడుపు చూడ్డం నాకు మొహమాటం, మేకల దగ్గరికి వెళ్ళిపోయా.

నీ ఉత్తరం రాకముందే జరిగిందేమిటో నాకు అర్థమైంది. వచ్చాక బావకి చదివి వినిపించా. "నేను వెళ్ళను, అది నీ ప్రాణం," అని పట్టుబట్టాడు. "నీ పెళ్ళాన్ని నేతశాలకి తోలి, మనిద్దరం ఇక్కడ చిక్కుళ్ళు ఒలుచుకుందామా?" అన్నా. రెండు రోజులు మొండికేశాడు. మూడోరోజు మూట కట్టాడు. ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే. నా చెప్పుల జత ఇచ్చి పంపుతున్నా, కాస్త వదులు.

నా సంగతంటావా, నొప్పేం లేదు. మేకలు నన్ను గుర్తుపట్టడం తగ్గించాయి. పిలిస్తే గాలి వచ్చిన వైపు చూస్తాయి. పొద్దున రేవులో పడవ తాడు పట్టుకుని నిలబడ్డా. మాన్వీల్ నా భుజం మీదుగా చూస్తూ బావని అడుగుతున్నాడు, "మీ బావమరిది ఏడి? సాగనంపడానికి కూడా రాడా?" అని. బావ నా వంక చూశాడు. చెప్పొద్దని కన్ను కొట్టా. నలభై ఏళ్ళుగా ఇలాంటి అవకాశం కోసం చూస్తున్నా, ఎవడికీ కనపడకుండా నెత్తిన మొట్టే అవకాశం. మాన్వీల్‌కి ఒకటిచ్చా. ఎండ దెబ్బనుకుని తల మీద గుడ్డ కప్పుకున్నాడు.

ఇక అసలు మాట. పాదిరిగారి దగ్గరికి పరిగెత్తకు. నా పేరు తీయిస్తే ఆ చోట ఎవరి పేరు పడుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నోరు జారిందని కుమిలిపోకు. నన్నడిగుంటే నేను ఆ పేరే చెప్పమనేవాణ్ణి. కాకపోతే ముందు కాసేపు నిన్ను ఏడిపించేవాణ్ణి.

బావ దిగగానే ముందు తిండి పెట్టు. తర్వాత అధికారి దగ్గరికి తీసుకెళ్ళు. లెయోంతికి నా తరఫున దండం చెప్పు, స్నానం మానొద్దని కూడా చెప్పు.

వచ్చే ఏడు పాదిరిగారు అడిగినప్పుడు తడబడకు. తీఖోన్ పేరున అని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పు. ఎండుద్రాక్ష దండిగా వెయ్యి.

నీ అన్న